ముందు నాటకమా, ముందు వంటా? బాధలో తినే అలవాటుపై చర్చ

బ్రాడీపేట డైటీషియన్:
వేసవిలో విజయవాడ, గుంటూరుల్లో పిల్లలకు బాధలో తినే అలవాటు మాన్పించడానికి నాటకం, వంట కలిపి శిబిరాలు పెట్టాలనుకునేవాళ్లకు నాదొక అభ్యంతరం. వీక్లీ టెస్టులో మార్కులు తగ్గిన సన్నివేశం వేయించి, పిల్లవాడికి దిగులు పుట్టించి, వెంటనే వేడి పునుగులు చేతిలో పెడితే ఏం నేర్పినట్టు? బాధేస్తే తినాలనే కదా. మాన్పించాల్సిన అలవాటుకే రిహార్సల్ చేయిస్తున్నారు. నాటకం తీసేసి వంట ఒక్కటే నేర్పండి.

బెజవాడ రంగస్థలం:
వంట ఒక్కటే అయితే చెయ్యి తిరుగుతుందండీ, కానీ ఆ చెయ్యి జంతికల డబ్బా మీదకి ఎందుకు పోతోందో తెలియదు. అది సన్నివేశంలోనే బయటపడుతుంది. ఎనిమిది మంది చాలు. ఒకరు హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన కుర్రాడు, ఒకరు వాళ్లమ్మ. "ర్యాంకెంత?" అని ఆవిడ అడుగుతుంది, వాడు పలక్కుండా డబ్బా మూత తీస్తాడు. అక్కడ చప్పట్లు కొట్టి ఇద్దర్నీ బొమ్మల్లా ఆపేయాలి. చూస్తున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, వాడి భుజం మీద చెయ్యేసి, వాడి మనసులో మాట పైకి అనాలి: "అమ్మ మొహం చూడలేకపోతున్నా", "రాత్రి నిద్ర లేదు", "మధ్యాహ్నం తినలేదు". మూడూ వేరు వేరు కారణాలు, మూడింటికీ చెయ్యి పోయేది ఒకే డబ్బా మీదకి. తర్వాత అదే సన్నివేశం మళ్లీ వేయాలి. ఈసారి ఎవరైనా "ఆపండి" అని కుర్రాడి స్థానంలోకి వచ్చి వేరేలా నడపొచ్చు. బ్రెజిల్ దర్శకుడు ఆగస్టో బోయాల్ ఫోరం థియేటర్ పద్ధతి ఇది. పాత్ర మాత్రం కల్పితమే ఉండాలి. సొంతింటి గొడవ వేయిస్తే బయటికెళ్లాక తోటిపిల్లలు ఏడిపిస్తారు.

పటమట వంటిల్లు:
అయితే వరుస తిప్పండి. ముందు వంట, తినడం, గిన్నెలు కడగడం, ఆ తర్వాతే నాటకం. సాయంత్రం పిల్లలు ఆకలి మీద వస్తారు, ఆ ఆకల్ని ముందు తీర్చాలి. కాగే నూనె దగ్గర అంతమంది పిల్లల్ని నిలబెట్టకూడదు కాబట్టి పునుగులు వద్దు, పెసరట్టు పెట్టండి. గ్లాసు పెసలు, రెండు చెంచాల బియ్యం ఆరు గంటలు నానాక, అంగుళం అల్లం ముక్క, మూడు పచ్చిమిర్చి, ఉప్పు వేసి రుబ్బాలి. పులియబెట్టే పని లేదు. మొదటి అట్టు పాడవుతుంది: పెనం మరీ కాలిపోతే పిండి పడగానే ఉడికి గరిటెకి చుట్టుకుంటుంది. మంట తగ్గించి, నీళ్లు చిలకరించి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది మళ్లీ పోయించండి. ఆ చిరాకుని వదిలేయకండి, పిల్లవాడికి చూపించండి. నోట్లో ఏమీ వేసుకోకుండానే అది వచ్చింది, పోయింది.

గుంటూరు కౌన్సెలర్:
ఈ వరుస బాగుంది. దానికి ఆకలి అంకె కలపండి: అసలు లేకపోతే 0, కడుపు నకనకలాడితే 10. వంటకు ముందు, తిన్నాక, నాటకం అయ్యాక మూడుసార్లు రాయించండి. తిన్న అరగంటకే, నాటకం అవగానే అంకె ఎగిరితే "అరటిపండైనా సరేనా, చిప్సే కావాలా?" అని అడగండి. కడుపు ఆకలి మెల్లగా పెరుగుతుంది, ఏది పెట్టినా తీరుతుంది. మనసు ఆకలి ఒక్కసారిగా వచ్చి ఫలానాదే కావాలంటుంది. ఇంకొకటి, నాటకంలో బజ్జీని రాక్షసుణ్ణి చేయొద్దు. తిన్నందుకు సిగ్గుపడ్డ పిల్లలు చాటుగా తింటారు. మూడు నెలలుగా వారానికి ఒకసారైనా అదుపు తప్పి విపరీతంగా తింటున్న పిల్లలుంటే శిబిరం చాలదు, మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

బ్రాడీపేట డైటీషియన్:
ఈ వరుసకి ఒప్పుకుంటాను. కానీ నాటకం చివర్లో వస్తే ఆ దిగులుతోనే గేటు దాటతారు, గేటు బయటే బజ్జీల బండి. దానికేం చేస్తారు?

బెజవాడ రంగస్థలం:
పాత్రని దించకుండా ఎవర్నీ పంపకూడదు. కుర్రాడి పాత్రకి ఒక తువ్వాలు ఇవ్వండి. ఆట ముగిశాక దాన్ని మడిచి కుర్చీలో పెట్టి, "నేను వాణ్ణి కాదు, నా పేరు ఇది, రేపు పొద్దున నేను చేసే పని ఇది" అని పైకి చెప్పించండి. తర్వాత పది నిమిషాలు ఏదో ఒక పరుగు ఆట. దీనికి టైము మిగలకపోతే ఆ రోజు సన్నివేశం ఒక్కసారే వేయించండి, ఈ భాగం మాత్రం కోసేయకండి.

బ్రాడీపేట డైటీషియన్:
హాస్టల్లో ఉండే ఇంటర్ పిల్లలకి పొయ్యే ఉండదు. వాళ్లకి పెసరట్టు బదులు తడిపిన అటుకులు, పెరుగు, మొలకలు పెట్టండి.