మొదటి రాణిని తేనెటీగలు చంపేశాయి, రెండోది చేతిలో ఉంది. కేజ్ ఎలా పెట్టాలి?

కొత్తపెట్టెలు (నంద్యాల): అన్నలూ, అక్కలూ, కొంచెం తొందరగా చెప్పండి. నావి 12 ఇటాలియన్ జాతి తేనెటీగల పెట్టెలు. ఒకదాంట్లో రాణి ముసలిదైందని 9 రోజుల కిందట తీసేశాను. మర్నాడు కొన్న రాణిని పెడితే గంటలోపే ముద్దలా చుట్టుకుని చంపేశాయి. ఇవాళ పొద్దున బస్సు పార్సిల్లో ఇంకో రాణి వచ్చింది. చెక్క కేజ్, మూడు గుండ్రటి గుంతలు, పైన జాలీ, రాణితో పాటు ఆరు ఈగలు. ఇది కూడా చస్తే మా నాన్న నన్ను పెట్టెల దగ్గరికి రానివ్వడు.

పాతకాపు: ముందు కేజ్‌ని నీడలో పెట్టు తమ్ముడూ. వేలు తడిపి జాలీ మీద ఒక్క చుక్క నీళ్లు రాయి, పొయ్యకు. దోమల చక్రం, అగరొత్తి వెలిగించే గదిలో వద్దు. చీమలు పట్టకుండా చూసుకో. ఒక వైపు గుంతలో క్యాండీ (చక్కెర ముద్ద) ఉంది కాబట్టి ఆకలితో చావదు, సాయంత్రం దాకా తొందర లేదు. ఇంతకీ మొదటిసారి ఏ బిరడా తీశావు?

కొత్తపెట్టెలు: రెండు వైపులా ఉన్నాయన్నా. క్యాండీ లేని వైపుది సులువుగా ఊడితే అదే తీశాను.

పాతకాపు: అక్కడే కొంప మునిగింది. ఆ కేజ్‌ని బెంటన్ కేజ్ అంటారు, 1880ల నాటి అమెరికా వాడు ఫ్రాంక్ బెంటన్ పేరు మీద. అందులో అసలు పని చేసేది క్యాండీయే. పెట్టెలో ఈగలు దాన్ని బయటి నుంచి కొరుక్కుంటూ దారి చేసేసరికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆలోపు కొత్త రాణి వాసన జాలీలోంచి పెట్టె అంతా పాకుతుంది. నువ్వు తీసింది నేరు దారి. రాణి పరాయి వాసనతోనే బయటికి నడిచింది.

ఇంకో మాట. రాణిని తీసి 9 రోజులంటే పెట్టెలో ఈపాటికి సొంత రాణి గదులు కట్టేసి ఉంటాయి. రాణి గుడ్డు నుంచి బయటికి రావడానికి 16 రోజులు. ఈగలు గుడ్డులోంచి వచ్చిన ఒక రోజు వయసు పురుగును ఎంచుకుని పెంచితే 12 రోజుల్లోనే వచ్చేస్తుంది. అంటే నీకున్నది రెండు మూడు రోజులు. ప్రతి ఫ్రేమూ బయటికి తీసి, ఈగల్ని దులిపి చూడు. పట్టు (ఫ్రేములో కట్టిన మైనపు గదులు) అంచుల్లోనే కాదు, నడిమధ్యలో కూడా రాణి గదులు వేరుశనక్కాయలా వేలాడుతుంటాయి. ఒక్కటి వదిలినా ఎంత మంచి కేజ్ పెట్టినా దండగే. ఒక రకంగా నీకు కలిసొచ్చింది కూడా: ఇప్పుడు గదులు తీసేస్తే మళ్లీ కట్టుకోవడానికి లేత పురుగులు ఉండవు. వాటికి నీ రాణి తప్ప దిక్కు లేదు.

వలిసెపూలు (అరకు): తోడొచ్చిన ఆరు ఈగల్ని నేనైతే తీసేస్తాను. అవి పరాయివి, గొడవ వాటితోనే మొదలవుతుంది. ఆరుబయట మాత్రం తెరవకు తమ్ముడూ. తలుపులేసిన గదిలో, కిటికీ అద్దం ముందు తెరువు. రాణి ఎగిరినా అద్దం మీదే వాలుతుంది. నేను ఒకసారి కళ్లంలో తెరిచి, మధ్యాహ్నమంతా ఆకాశం చూస్తూ కూర్చున్నాను.

కొత్తపెట్టెలు: క్యాండీ రాయిలా ఉందక్కా.

వలిసెపూలు: ఇంట్లోనే చేసుకో. చక్కెర మిక్సీలో మెత్తగా పట్టి, తేనెతో చపాతీ పిండిలా ముద్ద చెయ్యి. జారితే రాణి రెక్కలు అంటుకుని చస్తుంది. తేనె నీ సొంత పెట్టెలదే వాడు, కొన్న తేనెతో పెట్టెలోని పిల్ల పురుగులకి రోగం రావచ్చు. కేజ్‌ని పిల్ల పురుగులున్న ఫ్రేముల మధ్య ఇరికించు, జాలీ ముఖం పట్టుకి ఆనకుండా సందువైపు ఉండాలి. లోపలి ఈగల్ని తియ్యకపోతే క్యాండీ వైపు పైకి ఉంచు. లేదంటే చచ్చినవి దారికి అడ్డం పడతాయి.

పాతకాపు: నాకైతే పట్టులో గుచ్చే కేజ్ మీదే నమ్మకం. 3 మి.మీ. కన్నాల జాలీని బెత్తెడు చదరంగా కత్తిరించి, అంచులు రెండు సెంటీమీటర్లు మడిస్తే మూతలా అవుతుంది. అప్పుడే పిల్ల ఈగలు బయటికొస్తున్న చోట, కొంచెం తేనె, కొన్ని ఖాళీ గదులు కలిసొచ్చేలా రాణి మీద బోర్లించి పట్టులోకి గుచ్చు. పుట్టిన ఈగలకి పగా పరాయితనం తెలియవు, రాణికి అవే పరిచారికలవుతాయి. అది లోపలే గుడ్లు కూడా మొదలెడుతుంది. నాలుగో రోజు చూడు. జాలీ మీద ఈగలు వదులుగా తిరుగుతూ, వేలితో తోస్తే జరిగితే తీసెయ్యి. జాలీని కొరుకుతూ, తోసినా కదలకపోతే ఇంకో రెండు రోజులు ఆగు.

తాటితోపు: మావి పుట్ట తేనెటీగలు, మన దేశవాళీవి. ఇటాలియన్ రాణిని ఇలాగే పెట్టొచ్చా?

పాతకాపు: వద్దు. అది వేరే జాతి. మీ పోతులతో (మగ ఈగలతో) కలిసినా పిల్లలు రారు.

కొత్తపెట్టెలు: రాణి గదులు నాలుగు దొరికాయి, తీసేశాను. గుచ్చే కేజ్ చేసి సాయంత్రమే పెట్టాను. పొద్దుతిరుగుడు పూత అయిపోయింది కదా, చక్కెర పానకం కూడా పెట్టాను.

కొత్తపెట్టెలు (10 రోజుల తర్వాత): అన్నా, నాలుగో రోజు కేజ్ తీశాను. ఇవాళ చూస్తే గదికొక గుడ్డు, అడుగున నిటారుగా ఉంది. రాణి మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు.

పాతకాపు: గుడ్లు కనిపించాయి కదా. పెట్టె మూసెయ్.