ఒత్తిడి తొలగిపోయాక కూడా ఆందోళన ఎందుకు మిగులుతుంది?

ప్రశ్న (డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు):
మా దగ్గర చదువుకుని, ఆ తరువాత పోటీ పరీక్షల కోసం రెండేళ్లు కష్టపడిన ఒక అమ్మాయికి పరీక్షలు ముగిసి నెల దాటినా సరిగా నిద్ర పట్టడం లేదు. గుండెదడ, చిన్న శబ్దానికే ఉలిక్కిపడటం పరీక్షల తరువాతే మొదలయ్యాయి. "అన్నీ అయిపోయాయిగా, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుంటే అదే సర్దుకుంటుంది" అని ఇంట్లోవాళ్లు అంటున్నారు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌ఈవెన్ చేసిన పరిశోధనల గురించి చదివినప్పుడు, ఒత్తిడివల్ల కుంచించుకుపోయిన నాడీకణాల కొమ్మలు ఒత్తిడి తొలగాక మళ్లీ పెరుగుతాయని తెలుసుకున్నాను. అలాగైతే ఇంట్లోవాళ్ల మాటే నిజం కావాలి కదా? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (నాడీశాస్త్ర పరిశోధక విద్యార్థి):
మేడమ్, మీరు చదివింది నిజమే, కానీ అది మెదడులోని ఒక్క భాగానికి సంబంధించినది. ఎలుకల అడ్రినల్ గ్రంథులు స్రవించే ఒత్తిడి హార్మోను కార్టికోస్టెరాన్, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్‌లో చేరి నిలుస్తుందని మెక్‌ఈవెన్ బృందం 1968లో చూపించింది. ఎలుకలను మూడు వారాలపాటు రోజూ కదలనివ్వకుండా నిర్బంధిస్తే అక్కడి నాడీకణాల కొమ్మలు, అంటే డెండ్రైట్లు, పొట్టివవుతాయని 1990ల తొలినాళ్లలో అదే ప్రయోగశాల గుర్తించింది. నిర్బంధం ఆపితే అవి చాలావరకు కోలుకున్నాయి.

మీ ప్రశ్నకు సమాధానం ఉన్నది బెంగళూరులో అని నా అభిప్రాయం. అక్కడి జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో సుమంత్ర చటర్జీ బృందం, భయాన్ని, ఆందోళనను నడిపే అమిగ్డాలాను పరిశీలించింది. రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు నిర్బంధించిన ఎలుకల్లో హిప్పోకాంపస్ కణాల కొమ్మలు తగ్గిపోగా, అమిగ్డాలా కణాల కొమ్మలు మాత్రం పెరిగాయని 2002లో వెల్లడించింది. ఒకే ఒత్తిడి ఒకచోట కోత పెడుతూ మరొకచోట ఎరువు వేసినట్టు పనిచేసిందన్నమాట. ఆ తరువాత ఇరవై ఒక్క రోజులు ఏ ఒత్తిడీ లేకుండా వదిలేసినా అమిగ్డాలాలోని పెరుగుదల వెనక్కి తగ్గలేదు, ఎలుకల్లో ఆందోళన కూడా తగ్గలేదు. ఇది 2004 నాటి ఫలితం. విశ్రాంతి ఒక్కటే చాలదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ప్రయోగం నాకు కనబడలేదు.

జవాబు 2 (మానసిక వైద్యురాలు):
పై వివరణ బాగుంది. అయితే ఇవి మగ ఎలుకల మీద చేసిన ప్రయోగాలని, బతికి ఉన్న మనిషి మెదడులో కణాల కొమ్మలను ఇలా కొలవలేమని దృష్టిలో పెట్టుకోవాలి. అందువల్ల "నీ అమిగ్డాలా పెరిగిపోయింది" అని ఆ అమ్మాయితో ఎవరూ అనకూడదు. భయంతో ఉన్న మనిషికి ఆ మాట మరో భయమవుతుంది. కొమ్మలు వెనక్కి తగ్గకపోయినంత మాత్రాన చికిత్సకు దారి మూసుకుపోయినట్టు కాదు. నేర్చుకున్న భయం చెరిగిపోకపోయినా, దాన్ని అదుపులో ఉంచే కొత్త పాఠాన్ని మెదడు నేర్చుకోగలదు, అందులో ముందు భాగమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కు ప్రధాన పాత్ర ఉంది. భయపడే పరిస్థితులను కొద్దికొద్దిగా, భద్రంగా ఎదుర్కొనేలా చేసే చికిత్సకు ఆధారం ఇదే. నెల దాటిన నిద్రలేమిని, గుండెదడను "సర్దుకుంటుందిలే" అని వదలకండి. ముందు థైరాయిడ్, రక్తహీనత వంటివి లేవని వైద్యులచేత చూపించుకుని, తరువాత మానసిక వైద్యులను కలవడం మంచిది. వెంటనే వెళ్లే వీలు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పరీక్షలు జరుగుతున్నన్నాళ్లూ నిబ్బరంగానే ఉన్న అమ్మాయికి, అవి అయ్యాక ఈ లక్షణాలు మొదలవడానికి కూడా ఏమైనా కారణం ఉందా?

జవాబు 1 ఇచ్చినవారు:
సరిగ్గా ఇలాంటి ఆలస్యాన్నే చటర్జీ బృందం 2005లో గమనించింది, మేడమ్. ఒకే ఒక్కసారి రెండు గంటలపాటు ఒత్తిడికి గురైన ఎలుకల అమిగ్డాలాలో మరునాడు మార్పేమీ కనిపించలేదు. పది రోజుల తరువాత చూస్తే కణాల మీది సూక్ష్మమైన ముళ్లలాంటి అనుసంధాన స్థానాలు పెరిగి ఉన్నాయి, ఆందోళన కూడా పెరిగింది. ఒత్తిడికి ముందే కార్టికోస్టెరాన్ అందిన ఎలుకల్లో మాత్రం ఈ ఆలస్యపు మార్పు రాలేదని 2012లో తేలింది. ఒత్తిడి హార్మోను ఎప్పుడూ హానే చేస్తుందనుకునేవారికి ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది. సమయాన్ని బట్టి అదే రక్షణ కూడా కావచ్చు. రెండేళ్ల చదువుకూ రెండు గంటల నిర్బంధానికీ పోలిక పెట్టలేం కాబట్టి ఆ అమ్మాయి విషయంలో కారణం ఇదేనని నేను చెప్పలేను. కానీ లక్షణాలు ఆలస్యంగా వచ్చాయి కాబట్టి అవి పరీక్షలకు సంబంధించినవి కావని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తే, అలా అనుకోవడానికి ఆధారం లేదని మీరు ధైర్యంగా చెప్పవచ్చు.