పిల్లలు తగ్గింది చదువు వల్లేనా?

అనంత రైతుబిడ్డ:
మొన్న మా ఊరి రచ్చకట్ట మీద ఒక పెద్దాయన తేల్చేశాడు: "ఆడపిల్లలు చదివి ఉద్యోగాలకు పోతాండారు, ఇంక పిల్లల్నెవరు కంటారు?" నాకు మింగుడుపడలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. అయితే 2005-06 సర్వేకే, ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నప్పుడే, మనం 1.8కి దిగిపోయాం. అప్పటికి పల్లెల్లో డిగ్రీ చదివిన ఆడవాళ్లు ఎందరు? మా అమ్మది వేలిముద్రే. మేం ఇద్దరమే.

ఆదోని టీచర్:
అన్నా, చదువును అంత తేలిగ్గా తీసిపారేయొద్దు. మా బడిలో సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే ఇళ్ల పిల్లలు చాలామంది. మిరపకోతలకు గుంటూరు వైపు బయల్దేరితే పెద్దపాపనూ వెంటేసుకుపోతారు. తల్లి కోతలో ఉంటే, ఈ పిల్ల చెల్లెల్ని చంకనేసుకుని గట్టున కూర్చుంటుంది. ఏడుతో బడి ఆగిపోతే పదహారుకే పెళ్లి మాటలు. అదే ఇంటర్‌లో చేరిందంటే ఇంట్లోవాళ్లు రెండు మూడేళ్లు ఆగుతారు.

అనంత రైతుబిడ్డ:
పెళ్లి ఆలస్యమవడం నిజమే అక్కా. కానీ పెళ్లయ్యాక ఇద్దరితో ఆపింది కుటుంబ నియంత్రణ ఆపరేషన్. అదే సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది అది చేయించుకున్నవాళ్లే, దేశం మొత్తంలో 38 శాతం. కూలికి పోయే ఆడవాళ్లూ ఇందులో ఉన్నారు. మగవాళ్ల లెక్క అడగొద్దు, సిగ్గుచేటు.

కడప ఆటోనగర్:
మీరిద్దరూ ఫీజుల సంగతి మరిచారు. మా బావ ఆటో తోలతాడు. ఇద్దరికీ కాన్వెంటు, బస్సు, ట్యూషన్. "మూడోవాడు పుడితే ముగ్గురూ గవర్నమెంటు బడికే" అంటాడు. ఆయన నాయన కాలంలో ఏడేళ్ల పిల్లోడు గొర్రెల ఎనక పోయేవాడు, చేతికందొచ్చినట్టే. ఇప్పుడు ఇరవై రెండేళ్ల దాకా ఖర్చే. ఆదాయం పెరిగి కాదు, ఆశ పెరిగి తగ్గారు. ఇద్దరికి మించితే సర్పంచ్‌గా నిలబడకూడదన్న రూలు 2024లో ఎత్తేశారు కదా, దానికోసం మా బావ మూడోవాణ్ణి కంటాడా?

ఆదోని టీచర్:
బావ సంగతి సరే, మీ అక్కను అడిగారా? మా బడిలో వంట చేసే ఆమెకు ఇద్దరు కూతుళ్లు, ఇరవై మూడుకే ఆపరేషన్. ఎవరు చేయించుకోమన్నారంటే "మా అత్త" అంది. ఆ అత్తకు ఐదుగురు, ఇద్దరు దక్కలేదంట.