పక్కటెముకలు విరిగిన పేషెంట్ దగ్గడం లేదు, ఏం చేయాలి?

హన్మకొండలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. నర్సంపేట రోడ్డు మీద బైక్ జారిపడిన అరవై ఏళ్ల పెద్దాయన మా వార్డులో ఉన్నారు. ఎడమవైపు 4 నుంచి 7 వరకు పక్కటెముకలు విరిగాయి, ఛాతీలో చేరిన గాలి, రక్తం బయటికి రావడానికి ట్యూబ్ వేశారు. ఇవాళ మూడో రోజు. తల సీటీ నార్మల్, జీసీఎస్ (స్పృహ స్కోరు) 15, అంటే పూర్తి స్పృహలో ఉన్నారు.

ట్యూబ్‌తో ఇబ్బంది లేదు. దానికి కలిపిన బాటిల్‌లో నీళ్లు ఊపిరితో పాటు పైకీ కిందికీ ఆడుతున్నాయి, బుడగలు లేవు. 2 లీటర్ల ఆక్సిజన్ మీద సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94. కానీ నిన్న 20 ఉన్న శ్వాస రేటు ఇవాళ 26కి వచ్చింది, ఎడమవైపు కింద గాలి చప్పుడు తగ్గింది. జ్వరం లేదు. దగ్గకపోతే కఫం పేరుకుపోతుంది కాబట్టి నాకు న్యుమోనియా భయమే ఎక్కువగా ఉంది. డ్యూటీ డాక్టర్‌కు చెప్పాను, ఎక్స్‌రే మళ్లీ రాశారు.

దగ్గమంటే "ఊపిరి గుంజితే పక్కలల్ల కత్తులు పొడిచినట్టయితాంది బిడ్డా" అని నా చెయ్యి పట్టుకుంటున్నారు. మంచం తల ఎత్తి కూర్చోబెట్టాను, దిండు పక్కకు అదిమి పట్టించాను, నొప్పి మందు పనిచేసే సమయం చూసి స్పైరోమీటర్ (ఊపిరి లోపలికి పీల్చి బంతులు లేపే పరికరం) ఇచ్చాను. ఒక్క బంతి లేచి పడిపోతోంది. పారాసెటమాల్ 6 గంటలకోసారి పడుతోంది, చాలడం లేదు. ఇంకా బలమైన నొప్పి మందు ట్రమడాల్ ఇస్తే మగతగా పడుకుంటున్నారు, అప్పుడు దగ్గు ఇంకా తగ్గుతోంది. నర్వ్ బ్లాక్ (నొప్పి తెలియకుండా నరాల దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్) గురించి అడిగితే మత్తు డాక్టర్ రేపు వస్తారన్నారు.

ఛాతీ గాయాల పేషెంట్లను చూసిన నర్సులు, ఫిజియోథెరపిస్టులు చెప్పండి: బ్లాక్ ఇచ్చేలోపు, ఈ రాత్రి ఆయన చేత లోతుగా ఊపిరి తీయించి దగ్గించడానికి మీ అనుభవంలో ఏది పనిచేసింది?