అప్‌డేట్: రామచిలుక అడిగాను, బడ్జీలు వచ్చాయి

పోయిన నెల మా పాప కోసం రామచిలుకను కొందామనుకుంటున్నా, మొదటిసారి, ఏం చూసుకోవాలి అని ఇక్కడ మీ అందరినీ అడిగాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పంజరంలో పెంచడం నేరమని మీరు చెప్పేదాకా నాకు తెలియదు. మా తాతగారి వసారాలో ఒకటి ఉండేది మరి! ఆ ఆలోచన మానుకుని రెండు బడ్జీలు తెచ్చాం. ఇవీ చిలుక జాతే, పుట్టిల్లు ఆస్ట్రేలియా.

మొదటి రోజు గింజ ముట్టలేదు, ఓ మూల నక్కి కూర్చున్నాయి. నాకు ఒకటే టెన్షన్. చెయ్యి పెట్టకుండా రోజూ పక్కన కూర్చోమన్నారుగా, అదే చేశాను. మా అత్తగారు ఊరి నుంచి కొర్ర కంకులు పంపారు. పదో రోజుకి పచ్చది నా చేతిలో కంకిని పొడుచుకు తింది! నీలంది ఇంకా దూరమే.

నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కితే వచ్చే పొగ పక్షుల ప్రాణం తీస్తుందని ఒకరు రాశారు. చదివి గుండె ఆగినంత పనైంది, పంజరం ఉన్నది వంటింటి గుమ్మం పక్కనే. వెంటనే ముందు గదిలోకి మార్చి, అటక మీది ఇనప పెనం దించాను. దోసెలు కూడా బాగా వస్తున్నాయి లెండి.

మాటలు ఇంకా రాలేదు. పొద్దున్నే అయిదింటికి గోల మాత్రం మొదలైంది.