పొద్దుగూకితే నాయన బ్యారన్ కాడికి పోవాలంటాడు, ఏం చెప్పాలి?

టంగుటూరు_అబ్బాయి:
మా నాయనకి 76. అల్జీమర్స్ అని పోయినేడు తేలింది. పగలు బాగానే ఉంటాడు, పొద్దుగూకేసరికి కండువా భుజానేసుకుని గుమ్మంలో నిలబడి "మంట చూడాలి, ఆకు మాడిపోద్ది" అని ఒకటే గోల. పొగాకు బ్యారన్ (పచ్చాకుని మంట వేడికి ఆరబెట్టే కొట్టం) ఎప్పుడో అమ్మేశాం, ఇప్పుడు ఉండేది ఒంగోల్లో. ఉన్నదున్నట్టు చెప్పాలని మా అన్న పట్టుదల. చెప్తే "నన్నడక్కుండా ఎవడమ్మాడు" అని అరుపులు, ఏడుపు, కాసేపటికి మళ్లీ మొదలు. అమ్మేమో "పొద్దున పోదువులే" అంటుంది, అలా మభ్యపెట్టడం నాకు ఇబ్బందిగా ఉంది. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

కావలి_కోడలు:
మా అత్తదీ ఇదే వరస తమ్ముడూ. నిజమా అబద్ధమా అనేది తర్వాత, ఆకు మాడితే ఏడాది కష్టం పోయినట్టే కదా, ఆయనది ఆ భయం. దానికి జవాబు చెప్పండి. "ఆకు పసుపు తిరిగాక మంట ఎప్పుడు పెంచాలి నాయనా?" అని అడిగి చూడండి. ఈ జబ్బులో కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి చాలాకాలం నిలుస్తాయి, కాబట్టి దీనికి ఆయన దగ్గర జవాబు ఉండొచ్చు, "పొద్దున ఏం తిన్నావ్" అంటే ఉండదు. "గుర్తులేదా?" అనే మాట అసలు వద్దు. టీవీ ఆపేసి, ఎదురుగా కూర్చుని, ఒకసారికి ఒక్క ప్రశ్న. ఆయన బదులిచ్చేదాకా ఆగాలి, మనకి చేతకానిదే అది.

నెల్లూరు_నర్సు:
సాయంత్రం కంగారు పెరగడం ఇందులో మామూలే. చీకటి పడకముందే లైట్లు వేయండి, మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ వద్దు. కానీ ఒకట్రెండు రోజుల్లోనే తికమక బాగా పెరిగితే జబ్బు ముదిరిందని ఊరుకోవద్దు, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా, నీళ్లు చాలకపోయినా అలా అవుతుంది, వెంటనే డాక్టరుకి చూపించండి. చెవులు కూడా! వినపడక పలక్కపోతే మతిమరుపనుకుంటాం. మీ అమ్మ ఒక్కతే అవస్థ పడుతుంటే పెద్దవాళ్ల కోసం ఉన్న హెల్ప్‌లైన్ 14567 ఎల్డర్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఉచితమే.

అద్దంకి_మాస్టారు:
మీ అన్న మాటలోనూ న్యాయముంది. ఆయనే సూటిగా "అమ్మేశామా?" అంటే నేనైతే అవునని ఒక్క ముక్కలో చెప్పి పక్కన కూర్చుంటా. అడగనిది పనిగట్టుకుని చెప్పడం ఎందుకు?

టంగుటూరు_అబ్బాయి:
నిన్న అడిగా అక్కా. కట్టెల సంగతి, రాత్రి కాపలా సంగతి ఏకధాటిగా చెప్పాడు, సగం నాకూ తెలియవు. అన్నం తిన్నాక మాత్రం మళ్లీ బయల్దేరాడు. గేటుకి తాళం వేస్తే ఇంకా రెచ్చిపోతాడేమో, దాని గురించి ఎవరన్నా చెప్తారా?