బుధుడికి మూఢం లేదా?

మా కోనసీమలో పెళ్ళి మాటలు మొదలైతే చాలు, "మూఢం వెళ్ళనివ్వండి, అప్పుడు చూద్దాం" అంటారు. గురు మూఢం, శుక్ర మూఢం చిన్నప్పటి నుంచీ వింటున్నాను. బుధ మూఢం మాత్రం ఎవరి నోటా వినలేదు. సూర్యుణ్ణి అంటిపెట్టుకుని తిరిగేది బుధుడే కదా! ఆ మాట అసలు వాడుకలో ఉందా అండి?

జవాబు: ఉందండి. ముహూర్తాలకు గురుశుక్రుల మూఢమే చూస్తారు కాబట్టి ఇళ్ళల్లో వినపడదు, అంతే. మౌఢ్యమే వాడుకలో మూఢం, మూఢమి అయింది. గ్రహం సూర్యుడి వెలుగులో కలిసిపోయి కంటికి ఆనకపోవడం అది. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం బుధుడికి పెట్టిన హద్దు 14 కాలాంశలు, వక్రంలో ఉంటే, అంటే వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తుంటే, 12. కాలాంశ అంటే 4 నిమిషాలు. అంటే పొద్దు గుంకిన 56 నిమిషాల లోపే బుధుడూ అస్తమిస్తే మూఢంలో ఉన్నట్టు. ఆయన సూర్యుడికి 28 డిగ్రీలు మించి ఎడంగా జరగడు, ఒక్కోసారి 18 దగ్గరే వెనక్కి తిరుగుతాడు. అందుకే ఏడాదికి ఆరేడుసార్లు మూఢంలో పడతాడు. అన్నిసార్లూ పెళ్ళిళ్ళు ఆపుకుంటే మనకి ముహూర్తాలు ఎక్కడ మిగులుతాయి?

మరో జవాబు: మూఢం వదిలాక బుధుణ్ణి తప్పకుండా చూడండి. మన డెల్టా అందుకు చాలా మంచి చోటు. కొండల అడ్డు లేదు, చేలగట్టు మీద నిలబడితే ఆకాశం నేలను తాకే దాకా కనిపిస్తుంది. పైగా మనం 16, 17 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. ఫాల్గుణ చైత్రాల సాయంత్రాల్లో గ్రహాల దారి ఇక్కడ దాదాపు నిటారుగా లేస్తుంది, ఐరోపాలో అంత నిటారుగా ఉండదు. పొద్దు గుంకిన అరగంటకి పడమట చెయ్యి చాచి పిడికిలి పెట్టండి. ఇంచుమించు ఆ ఎత్తులో ఒంటరిగా ఒక చుక్క ఉంటుంది. బైనాక్యులర్స్‌తో వెతికేవాళ్ళు సూర్యుడు పూర్తిగా దిగాకే కళ్ళకు పెట్టుకోవాలి. తెల్లవారుజామున అయితే ఆశ్వయుజ కార్తీకాల్లో అంతర్వేది తీరం బాగుంటుంది, సముద్రం మీద మబ్బు పట్టకపోతే.

ఇంకొకరు: నడి మూఢంలో కూడా బుధుడు కనపడే రోజులుంటాయి! 2016 మే 9 సాయంత్రం సూర్యబింబం మీద నల్లచుక్కలా కదిలాడు. మళ్ళీ 2032 నవంబరు 13 మధ్యాహ్నం మనకి కనిపిస్తాడు. టెలిస్కోపు కావాలి, దానికి ముందువైపు సోలార్ ఫిల్టర్ ఉండి తీరాలి. దీన్ని "బుధ సంక్రమణం" అంటే మనవాళ్ళు బుధుడు రాశి మారాడనుకుంటారు. "సూర్యుడి మీద బుధుడి నడక" అంటే పిల్లలకి కూడా అర్థమవుతుందని నా అభిప్రాయం. ఇంతకన్నా మంచి మాట తోస్తే చెప్పండి.